బోర్డు తిప్పేద్దాం రండి

వ్యాపారం దెబ్బతిన్నప్పుడు నిలబెట్టుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది కష్టమైనది: సరుకు బాగుచేయాలి, తూకం సరిచూడాలి, కొన్నవాడు ఫోను చేస్తే ఎత్తాలి, ఆపిన జీతాలివ్వాలి. రెండోది తేలిక: లోగో మార్చాలి. మన పారిశ్రామిక వీరులు ఏ దారి పట్టారో తెలుసుకోవడానికి పరిశోధనలు అక్కర్లేదు, పేపరు మొదటి పేజీ చూస్తే చాలు. నిండు పేజీ ప్రకటన. మధ్యలో ఓ గుండ్రం, దాని కింద ‘కొత్త ప్రయాణం మొదలైంది’ అని ఓ ముక్క. పాత ప్రయాణానికి టికెట్టు కొన్నవాళ్ళ గతేమిటో ఆ పేజీలో ఎక్కడా ఉండదు.

పూర్వం చీటీల కంపెనీలు అర్ధరాత్రి బోర్డు తిప్పేసేవి. తెల్లారి జనం వచ్చి చూస్తే తాళం కనిపించేది. పాపం, వాళ్ళకు మార్కెటింగ్ తెలియదు. ఇప్పుడదే పని పట్టపగలు, స్టార్ హోటల్లో, బాజాభజంత్రీలతో జరుగుతోంది. యంత్రం పొగ వదులుతుంది. ఎల్‌ఈడీ తెర మీద భూగోళం తిరుగుతుంది. ముఖ్య అతిథి మీట నొక్కుతాడు. పొగలోంచి పాత గుండ్రమే, ఈసారి కాస్త కుడివైపు ఒరిగి, దర్శనమిస్తుంది. హాలంతా చప్పట్లు. మేనేజింగ్ డైరెక్టరు గారు మైకందుకుని, ఆ ఒరుగుడు భవిష్యత్తు పట్ల తమ వినయానికి చిహ్నమని గద్గద స్వరంతో చెబుతారు. వెనక వరసలో డీలర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. గుండ్రం ఎటు ఒరిగినా తమకు ఒరిగేదేమిటో వాళ్ళకు అంతుపట్టదు.

ఆ తరవాత రంగుల పురాణం మొదలవుతుంది. నీలం నమ్మకం, ఆకుపచ్చ ప్రకృతి, నారింజ ఉత్సాహం, ఎరుపు సాహసం. ఎరుపు సాహసమన్న సంగతి ఎర్రబస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడికి ఏ ఏజెన్సీ చెప్పకుండానే తెలుసు. నీలం నమ్మకమైతే, వేలంపాటకొచ్చిన ఫైనాన్సు కంపెనీల బోర్డుల్లో నీలం ఎందుకంత ధారాళంగా పారిందో ఎవరూ చెప్పరు. ఇక ఆకు సంగతి. ఆసుపత్రి లోగోలో ఆకు, పురుగుమందుల కంపెనీ లోగోలో ఆకు, ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీ లోగోలోనూ ఆకే. మామిడితోట నరికి ప్లాట్లు వేసిన రియల్టరు తన వెంచరు ఆర్చి మీద మామిడాకు చెక్కిస్తాడు. ఆ నలభై ఎకరాల్లో మిగిలిన ఆకు అదొక్కటే. అదేమిటని అడిగితే ‘సస్టైనబిలిటీ’ అంటాడు.

ఈ భాగోతం మన ఊళ్ళదే అనుకుని సిగ్గుపడాల్సిన పనిలేదు. 2008లో పెప్సీ కంపెనీ కొత్త లోగో కోసం న్యూయార్క్‌లో ఆర్నెల్ గ్రూప్ అనే ఏజెన్సీని పెట్టుకుంది. గుండ్రం మధ్యలో ఉన్న తెల్ల గీతను కొంచెం వంచి నవ్వులా చేసినందుకు పది లక్షల డాలర్ల దాకా ముట్టిందని అప్పట్లో పత్రికలు రాశాయి. వంచినవాళ్ళు ఊరుకోలేదు. ఎందుకు వంచారో వివరిస్తూ 27 పేజీల పత్రం కూడా తయారుచేశారు. 2009 ఆరంభంలో అది బయటికి పొక్కింది. చూస్తే అందులో మోనాలిసా ఉంది, భూమి అయస్కాంత క్షేత్రం ఉంది, పెప్సీకి ప్రత్యేకమైన గురుత్వాకర్షణ ఉంది, వ్యాకోచించే విశ్వం ఉంది. వేల ఏళ్ళ జ్ఞానసంపదను వరసగా పేర్చినచోట మన వాస్తుశాస్త్రానికి కూడా ఓ పీట వేశారు. మన సిద్ధాంతిగారు 1,116 రూపాయలు, ఓ తాంబూలం పుచ్చుకుని చెప్పే సంగతికి అమెరికావాళ్ళు అంత పోశారన్నమాట. తీరా 2023లో పెప్సీ ఆ నవ్వు తీసేసి, 1990ల నాటి రూపానికి దగ్గరగా ఉన్న లోగోకు తిరిగొచ్చింది. ఈలోగా విశ్వం వ్యాకోచించడం మానేసిందేమో, ప్రకటనలో రాయలేదు.

మన దగ్గర ఈ పని ఇంత గంభీరంగా జరగదు, ఇంతకంటే నిజాయితీగా జరుగుతుంది. ఓ జిల్లా కేంద్రంలో స్వీట్ల దుకాణం. కొత్త బ్రాంచి పెడుతున్నారు. యజమాని ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందున్న కుర్రాడి వెనక కుర్చీ వేసుకున్నాడు. కుర్రాడు అమీర్‌పేటలో ఫొటోషాపు, కోరల్‌డ్రా నేర్చుకుని వచ్చినవాడు. చేతిలో పనుంది, నోట్లో నాలుక లేదు.

“తమ్ముడూ, ఇంగ్లీషులో శ్రీ పక్కన ఇంకో రెండు ‘ఇ’లు పెట్టు. మొత్తం ఇరవై మూడు రావాలట.”

“సార్, అప్పుడు ‘శ్రీఈఈ’ అవుతుంది సార్.”

“అవనీ. పేరు పెట్టేది చదవడానికి కాదు, కలిసిరావడానికి.”

లక్ష్మీదేవిని నిలబెట్టకూడదు, కూర్చోబెట్టాలి; నిలబడితే వెళ్ళిపోతుందట. ఏనుగుల తొండాలు పైకి ఉండాలి. కలశం ఈశాన్యంలో ఉండాలి. ఇంతలో బావమరిది వచ్చి దుకాణం పెట్టిన తాతగారి ఫొటో లేదేమని అడుగుతాడు. ఫొటో దిగుతుంది. తాతగారి పక్కన మూడు సెల్ నంబర్లు దిగుతాయి. కింద ‘స్వచ్ఛమైన నేతితో’ అన్న మాట దిగుతుంది, నెయ్యి ఎక్కడ స్వచ్ఛమైందో దేవుడికే తెలియాలి. సాయంత్రానికి ఆ గుండ్రంలో సూది మోపే చోటుండదు. యజమాని వెనక్కి వాలి, కళ్ళు చికిలించి, తృప్తిగా చూసి చివరి మాట చెబుతాడు: “అంతా బాగానే ఉంది గానీ తమ్ముడూ, ఆ యాపిల్ ఫోను వాడి బొమ్మలా సింపుల్‌గా ఉంటే బాగుణ్ణు.”

డబ్బుల దగ్గరికొచ్చేసరికి సింపుల్ అన్న మాటకు అసలు అర్థం తెలుస్తుంది.

“ఎంతివ్వమంటావ్?”

“ఐదు వేలివ్వండి సార్.”

“బొమ్మకి ఐదు వేలా! ఏఐలో కొడితే ఊరికే వస్తుందని మావాడు చెప్పాడు.”

మావాడు కొట్టి చూపించాడు కూడా. అందులో ఒత్తులొకచోట, గుడులొకచోట పడి ‘మిఠాయి’ ఏ భాషలోనూ లేని మాటై వచ్చింది. అందుకే ఇక్కడిదాకా వచ్చారు. చివరికి పదిహేను వందలకు బేరం తెగింది. ఐదొందలు అడ్వాన్సు, మిగతాది ఓపెనింగ్ అయ్యాక. ఓపెనింగ్ అయింది. ఎమ్మెల్యే గారు రిబ్బను కత్తిరించారు. రెండో బ్రాంచి కూడా అయింది. కుర్రాడు ఫోను చేస్తే, “నీ పని నాలుగు రోడ్ల కూడలిలో వేలాడుతోంది, అంత పబ్లిసిటీ ఎవరిస్తారు నీకు?” అని యజమాని ఎదురు బాకీ చూపిస్తాడు.

ఇక్కడ చట్టం ఓ చమత్కారం చేసింది. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం జీతగాడు ఉద్యోగంలో భాగంగా గీస్తే హక్కు యజమానిది. బయటివాడు గీస్తే, సంతకం పెట్టిన కాగితం మీద రాయించుకోనంతవరకు, ఆ బొమ్మ మీద హక్కు మామూలుగా గీసినవాడిదే. అంటే వెయ్యి రూపాయలు ఎగ్గొట్టిన పెద్దమనిషి నెత్తిన పరాయివాడి ఆస్తి పెట్టుకుని ఊరేగుతున్నాడు. కుర్రాడికి ఈ సంగతి తెలియదు. తెలిసినా వకీలు ఫీజు వెయ్యికంటే ఎక్కువ కాబట్టి, యజమాని నిశ్చింతగా ఉండవచ్చు.

ట్రేడ్‌మార్కు సంగతి మరీ ముచ్చట. 1999 చట్టం కింద విడి వ్యక్తులు, చిన్న సంస్థలు ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకుంటే ఒక్కో వర్గానికి 4,500 రూపాయల ఫీజు. రిజిస్టరైతే పదేళ్ళు చెల్లుతుంది, ఆపైన మళ్ళీ పొడిగించుకోవచ్చు. ప్రారంభోత్సవంలో శాలువాలకు ఇంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. అయినా సరిగ్గా ఇక్కడే చెయ్యి ముడుచుకుంటుంది. దానికి బదులు లోగో మూల బోసిగా ఉందని, సున్నాలో ‘ఆర్’ అక్షరం మాత్రం ఉచితంగా వేయించుకుంటారు. రిజిస్టరు కాకుండా ఆ ముద్ర వాడటం చట్టం ఒప్పుకోదని చెబితే, “అందరూ వేసుకుంటున్నారుగా” అంటారు. ఆర్నెల్లకు ఎదురు వీధిలో అదే లక్ష్మి, అవే ఏనుగులతో ఇంకో దుకాణం వెలుస్తుంది. అప్పుడు గుండెలు బాదుకుని ‘మాకు వేరే బ్రాంచీలు లేవు, నకిలీలను చూసి మోసపోకండి’ అని ఫ్లెక్సీ కడతారు. దాన్ని గీసేది కూడా ఆ కుర్రాడే, అదీ అరువుకే.

చిన్నవాళ్ళ చేష్టలు చూసి నవ్వుకున్నాం, పెద్దవాళ్ళ లీలలు చూద్దాం. బ్రిటన్ చమురు కంపెనీ బీపీ 2000లో పాత డాలు గుర్తు తీసేసి, పచ్చగా పసుపుగా విచ్చుకున్న సూర్యుడి పువ్వును పెట్టుకుంది. పెట్రోలియానికి అవతలి లోకం చూపిస్తామంది. ఆ ముస్తాబుకు 20 కోట్ల డాలర్లు దాటిందని లెక్కలు బయటికొచ్చాయి. పదేళ్ళు తిరిగేసరికి, 2010 ఏప్రిల్‌లో, మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది కార్మికులు చనిపోయారు. చమురు సముద్రంలోకి నెలల తరబడి పారింది. పువ్వు మాత్రం వాడలేదు. ఆ పువ్వును తగిన రీతిలో మళ్ళీ గీసివ్వండంటూ గ్రీన్‌పీస్ జనానికి పోటీయే పెట్టింది. కంపెనీ కోట్లు పోసి చేయించుకున్న దానికంటే, నల్లటి జిడ్డు కారుతున్న ఆ బొమ్మలే సంస్థను జనానికి సరిగ్గా పరిచయం చేశాయి.

2009లో ట్రాపికానా పండ్లరసం డబ్బా మీద నారింజపండులో గుచ్చిన స్ట్రా బొమ్మ తీసేసి, నాజూకైన గ్లాసు బొమ్మ వేశారు. ఆ డిజైనూ మన విశ్వవ్యాకోచ ఏజెన్సీదే. జనం అరల ముందు నిలబడి తమ డబ్బా ఏదో పోల్చుకోలేక పక్క డబ్బా పట్టుకుపోయారు. రెండు నెలలు తిరక్కుండా అమ్మకాలు 20 శాతం పడిపోయాయి. కంపెనీ లెంపలేసుకుని పాత నారింజపండును పిలుచుకొచ్చింది. 2010లో గ్యాప్ బట్టల కంపెనీ కొత్త లోగో వారం రోజులే బతికింది. ఇన్ని కోట్లు పోసి వాళ్ళు నేర్చుకున్న పాఠం మన కిరాణాకొట్టు సుబ్బమ్మకు పుట్టుకతోనే తెలుసు: కొనడానికి వచ్చినవాడి చెయ్యి అలవాటుగా వెళ్ళే చోటు మార్చకూడదు.

మన ప్రభుత్వ రంగం మాత్రం వెనకబడుతుందా? 2024 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ కొత్త లోగో ఆవిష్కరించింది. కాషాయం వచ్చింది, మధ్యలో భారతదేశం పటం వచ్చింది, ‘కనెక్టింగ్ ఇండియా’ కాస్తా ‘కనెక్టింగ్ భారత్’ అయింది. అప్పటికి ప్రైవేటు కంపెనీలు 5జీ మొదలుపెట్టి రెండేళ్ళు. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీకి దేశవ్యాప్తంగా ప్రారంభోత్సవం జరిగింది 2025 సెప్టెంబరులో. గుర్తు ముందొచ్చింది, సిగ్నలు పదకొండు నెలల తరవాత వచ్చింది. పల్లెలో డాబా ఎక్కి ఫోను గాల్లో ఊపే రైతును ఇండియాతో కలపాలా, భారత్‌తో కలపాలా అన్నది ఢిల్లీ సమస్య. కూతురితో కలిస్తే చాలునన్నది ఆయన సమస్య.

రంగుల మీద మోజు కంపెనీలకే కాదు, పార్టీలకూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ రంగులు పూస్తే, హైకోర్టు తుడిచేయమంది. 2020 జూన్‌లో సుప్రీంకోర్టూ అదే మాట ఖాయం చేసింది. పూసిన రంగు ప్రజల డబ్బు, గీకిన రంగూ ప్రజల డబ్బే. లోపల జనన ధ్రువపత్రం ఎన్నాళ్ళకిస్తారన్న ప్రశ్నకు ఏ రంగూ జవాబు చెప్పలేదు. తెలంగాణలో 2024లో బండి నంబరు ముందున్న టీఎస్ కాస్తా టీజీ అయింది. ఆర్టీసీ బస్సు పేరూ మారింది. కిటికీ పక్క సీటు కోసం రుమాలు వేసే అలవాటు మాత్రం మారలేదు.

ఈ విద్యలో అందరికీ గురువులు మన కార్పొరేట్ విద్యాసంస్థలు. పాత బోర్డు మీద ఫిర్యాదులు పేరుకున్నాయా? పక్కన ‘టెక్నో’ తగిలించు. అదీ పాతబడిందా? ‘ఈ-టెక్నో’ అను. తరవాత ‘ఒలింపియాడ్’, ఆపైన ‘ఐఐటీ ఫౌండేషన్’. బోర్డుకో ఫీజు. లోపల అదే గది, అదే ఉక్కపోత, అదే హాస్టలు సాంబారు. లోగోలో కాగడా, గ్రంథం, రెక్కలు విప్పిన పిట్ట, ఆడుకునే పిల్లలు కనిపిస్తారు. పిల్లలు ఆడుకోవడం ఆ సంస్థలో కనబడేది ఆ లోగోలోనే.

మరి నిలబడ్డ గుర్తుల కథేమిటి? 1971లో రెండు గుర్తులు పుట్టాయి. అమెరికాలో కరొలిన్ డేవిడ్‌సన్ అనే డిజైన్ విద్యార్థిని నైకీ కంపెనీకి టిక్కు గీతలాంటి బొమ్మ గీసి 35 డాలర్లు తీసుకుంది. అధిపతి ఫిల్ నైట్‌కు అది మొదట అంతగా నచ్చనే లేదు. ఇక్కడ అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థకు చెందిన శేఖర్ కామత్ స్టేట్ బ్యాంకుకు నీలి గుండ్రం, మధ్యలో చుక్క, కిందికో సన్నటి గాటు పెట్టి ఇచ్చారు. అది కాంకరియా చెరువు పటమని కొందరు, తాళంచెవి కన్నమని కొందరు అంటారు. పాసుబుక్కు ప్రింటింగు క్యూలో నిలబడ్డవాళ్ళు అది లంచ్ టైములో మూసిన కౌంటరంటారు. ఎవరేమన్నా యాభై ఏళ్ళు దాటినా ఆ గుండ్రం దాదాపు అలాగే ఉంది. దాన్ని చూసే మారుమూల పల్లె ముసలమ్మ పింఛను డబ్బు ఎక్కడుందో పోల్చుకుంటుంది. ఆమెకు దాని అర్థం ఎవరూ పీపీటీ వేసి చెప్పలేదు.

నైకీ 35 డాలర్ల కథ మన యజమానులకు కంఠోపాఠం. కుర్రాళ్ళతో బేరమాడేటప్పుడు తప్పక చెబుతారు. 1983లో కంపెనీ ఆమెను పిలిచి, ఆ గుర్తు చెక్కిన ఉంగరంతో పాటు కంపెనీ షేర్లు కూడా ఇచ్చిందన్న రెండో సగం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మనవాళ్ళలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారున్నారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టారు. పచ్చటి లేపనం, చిన్న సీసా. తలనొప్పి తగ్గింది, పేరు నిలిచింది. అలా వచ్చిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. ఇవాళ అయితే ఓ కన్సల్టెంటు పంతులుగారి ఎదుట కూర్చుని, “పసుపు మరీ లోకల్‌గా ఉంది సార్, యూత్‌కి కనెక్ట్ కాదు” అని ఆయనకే తలనొప్పి తెప్పించేవాడు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చీ పేరు అమెరికా దాకా ఎన్ని బోర్డులెక్కిందో చూడండి. తనకు వేరే బ్రాంచీలు లేవని చెప్పుకోవడమే అసలు హోటలుకు ప్రచారమైంది. బోర్డును ఎవరైనా ఎత్తుకుపోవచ్చు గానీ, డెక్షాలో ఉన్నదాన్ని ఎత్తుకుపోలేరు.

గుర్తు పెట్టుకునేది అందానికి కాదు, పూచీకి. చదువురాని కొనుగోలుదారు సైకిల్ బొమ్మ చూసి అగరొత్తుల కట్ట అడిగేది ఎందుకు? నిన్న వెలిగినట్టే ఇవాళా వెలుగుతుందని. వెలగకపోతే ఏ బొమ్మవాణ్ణి తిట్టాలో తెలుస్తుందని. లోగో అనేది వ్యాపారి సంతకం. తరచూ సంతకం మార్చేవాడి చెక్కును బ్యాంకు వెనక్కి కొడుతుంది. జనం కొట్టడానికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే తేడా.

డిజైనర్ల మీద నాకేం కోపం లేదు. మంచి డిజైనరు ఒక గీత తీసేసి బోర్డును దూరం నుంచి చదివేలా చేస్తాడు, తెలుగు అక్షరం నడుం విరక్కుండా నిలబెడతాడు. దానికి అడిగినంత ఇవ్వాలి, కాగితం రాసుకోవాలి, రిజిస్టరు చేయించుకోవాలి, ఆపైన దాని జోలికి వెళ్ళకుండా సరుకు సంగతి చూసుకోవాలి. కల్తీ నూనెకు బంగారు నిష్పత్తి అద్దమంటే అతనేం చేయగలడు?

కాబట్టి పాఠక మహాశయులారా, ఎవరైనా లోగో ఆవిష్కరణకు పిలిస్తే మానకుండా వెళ్ళండి. భోజనాలు బాగుంటాయి. వెళ్ళేటప్పుడు పాత గుర్తున్న బిల్లో, వారంటీ కార్డో, డిపాజిట్టు రసీదో జేబులో పెట్టుకుని వెళ్ళండి. చప్పట్లయ్యాక వేదిక దగ్గరికి నడిచి, ‘అయ్యా, ఇది చెల్లుతుందా?’ అని అడగండి. చెల్లుతుందని అక్కడికక్కడే సంతకం పెట్టిస్తే, ఆ లోగో ఎంత వికారంగా ఉన్నా మంచి లోగోయే. ‘ఆఫీసుకు రండి, మాట్లాడదాం’ అంటే మాత్రం మిగిలిన డబ్బు ఆ రోజే వెనక్కి తీసుకోండి.